తొలివానకు ఎదురెక్కే చేపలు

బస్తర్ వెళ్ళొచ్చానని చెప్పగానే కాకినాడలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "జలపాతం చూశావా?" చూడలేదు. గుహలూ చూడలేదు. నేను చూసింది ఒక వరి మడి, అందులో మోకాలి లోతు ఎర్రనీళ్ళు, ఆ నీళ్ళలో చీర ఎగ్గట్టిన మా పిన్ని. జాకెట్లు కుట్టుకుని బతికే నాకు ప్రయాణాలు తక్కువ. కుట్టు మెషీన్ మీద గుడ్డ కప్పి ఊరు దాటడమే పెద్ద సంగతి. అందుకే వెళ్ళిన ఈ ఒక్క ప్రయాణాన్నీ, రంగు వెలిసిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

కిరండూల్

విశాఖలో పొద్దున్నే ఎక్కితే, కొండలూ సొరంగాలూ దాటించుకుంటూ రైలు రాత్రికి కిరండూల్‌లో దింపుతుంది. అక్కడితో పట్టాలు ఆఖరు. ఇనుపరాయి తవ్వే కొండ కింద ఊరు. దిగేసరికి నా తెల్లచీర అంచు ఇటుక రంగుకి తిరిగింది. ఇక్కడ ఆ ధూళిని ఎవరూ పట్టించుకోరు. ఉదయం తుడిచిన గడప సాయంత్రం మళ్ళీ తుడుస్తారు, అంతే.

మా అమ్మ ఆఖరి చెల్లెలు సత్యవతి పిన్ని, పెళ్ళయిన కొత్తలో కోనసీమ నుంచి ఇక్కడికి వచ్చింది. బాబాయిది గనిలో ఉద్యోగం. ఆయన పోయాక కొడుకు రమణకి అక్కడే పని దొరికింది. కంపెనీ క్వార్టర్‌లోనే కాపురం. కొన్నేళ్ళ కిందట రమణ, ఆసుపత్రిలో నర్సుగా చేసే సుశీలని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. సుశీలది సుక్మా జిల్లా కోంట దగ్గర, గొల్లపల్లికి అవతల అడవిలో ఒక చిన్న పల్లె. దోర్ల తెగ వాళ్ళు. ఇంట్లో మాతో తెలుగు, పుట్టింటితో దోర్లీ, డాక్టర్లతో హిందీ, రోగులతో హల్బీ మాట్లాడుతుంది. పొద్దుట్నుంచి రాత్రిలోపు నాలుగు భాషలు మార్చినా ఒక్కదాంట్లోనూ గొంతు పెంచదు.

పిన్నికి ఆ పెళ్ళి ఇష్టం లేదు. అడ్డం పడలేదు, అలాగని అక్కున చేర్చుకోనూ లేదు. "కోడలు మంచిదే" అంటుంది ఎవరడిగినా. ఆ "దే" దగ్గరే ఆగిపోతుంది. వియ్యాలవారింటికి రాకపోకలు లేవు. వాళ్ళు ఇటు రారు, ఈవిడ అటు వెళ్ళదు.

అలాంటి పిన్ని నాకు ఫోన్ చేసి, "పద్మా, సుశీల వాళ్ళ ఊరు వెళ్తున్నాం. నువ్వు రావాలి. నాకో మనిషి తోడు కావాలి" అంది. కొడుకూ కోడలూ పక్కన ఉండగా ఇంకో మనిషి ఎందుకో నేను అడగలేదు.

కారణం మనవరాలు చిట్టి. తొలివానకి వాగులోంచి చేపలు పొలాల్లోకి ఎక్కుతాయి. సుశీల ఇంట్లో అది పండగలాంటిది. పసిపిల్ల మొదటిసారి ఆ నీళ్ళలో దిగేటప్పుడు ఒక చెయ్యి అమ్మమ్మ, ఒక చెయ్యి నాయనమ్మ పట్టుకోవాలని వాళ్ళింటి ఆనవాయితీ. తోటి పిల్లలందరూ దిగేశారు. చిట్టి మాత్రం ఇంకా గట్టు మీదే ఉంది. ఒకరోజు అది నేరుగా అడిగేసిందట.

"నానమ్మా, నీకు నీళ్ళంటే భయమా?"

"నాకా!" అందట పిన్ని. ఆ ఒక్క మాటతో ప్రయాణం ఖాయమైపోయింది.

నేను వెళ్ళేసరికి పిన్ని సంచులు సర్దుతోంది. చిన్న గ్యాస్ స్టవ్వు, బియ్యం, నూనె, ఆవకాయ జాడీ, రెండు గిన్నెలు.

"అమ్మా, అక్కడ పొయ్యి ఉండదనుకున్నావా?" అన్నాడు రమణ.

"నా కడుపు సంగతి నీకేం తెలుసురా" అంది పిన్ని, అతని మొహం చూడకుండా. ఇంట్లో కోడలు వండితే తింటుంది. కోడలి పుట్టింట్లో తినడం వేరే సంగతి ఆవిడకి.

సుశీల చిట్టి గౌన్లు మడతపెట్టి, లేచి వెళ్ళి, అగ్గిపెట్టె తెచ్చి స్టవ్వు సంచిలో వేసింది. "ఇది మర్చిపోతున్నారు అత్తయ్యా" అంది.

గీదం

మేం వెళ్ళాల్సిన సుక్మా దారికి గీదం ఎడంగా ఉంటుంది. అయినా జీపు అటు తిప్పించింది పిన్నే. "ఒట్టి చేతుల్తో వెళ్తే ఏం బాగుంటుంది" అంది.

గీదం సంత మా కాకినాడ మార్కెట్టంత గోలగా ఉండదు. అమ్మేవాళ్ళు పిలవరు. ముందు కుప్ప పెట్టుకుని కూర్చుంటారు. కావలిస్తే మనమే వంగాలి. చింతపండు, ఎండిన ఇప్పపువ్వు, వెదురు బుట్టలు, ఈకలు మెరిసే కోడిపుంజులు. జీలుగు కల్లుని ఇక్కడ సల్ఫీ అంటారు. దాన్ని ఆనపబుర్రల్లో పోసుకుని ఆడవాళ్ళు అమ్ముతున్నారు. తాగేవాళ్ళలో అత్తాకోడళ్ళు పక్కపక్కనే ఉన్నారు. ఆ సంగతి మా వీధిలో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఒకామె ముందు ఆకు దొప్పల్లో ఎర్రగా ఏదో కదులుతోంది. ఎర్రచీమలు, వాటి తెల్లటి గుడ్లు. పచ్చడి నూరుకుంటారు. నూరినది కూడా ఉంది, దొప్ప ఇరవై రూపాయలు. నాలుక మీద వేసుకుంటే చింతచిగురు పులుపు, వెనకాల మిరపకాయ ఘాటు. బాగుంది. ఇంకొంచెం తీసుకోబోయి పక్క దొప్ప మీద చెయ్యి వేశాను. నూరని చీమ ఒకటి వేలు పట్టుకుని, మొహం తుడుచుకుంటే పెదవి మీదికి దిగి, గట్టిగా కరిచింది. నా కింది పెదవి బూరెలా పొంగింది. పిన్ని నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ప్రయాణంలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

చీరల కొట్టులో పిన్ని మొదట జారుడు గుడ్డ చీరలు తిరగేసింది. తర్వాత ఆవిడ వేళ్ళు ఒక ముదురాకుపచ్చ నేతచీర దగ్గర ఆగాయి. వేళ్ళతో నలిపి చూసి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మీ అమ్మకి ఏ రంగు ఇష్టం?"

సుశీల తడబడింది. తల్లి గురించి అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న అది. "ఎర్ర అంచు ఉంటే ఇష్టం అత్తయ్యా" అంది నెమ్మదిగా. ఎర్రంచు ఉన్నదే తీయించింది పిన్ని. నేను బేరం ఆడబోతే వద్దంది.

కోంట దాటాక

దారి పొడుగునా భద్రతా బలగాల క్యాంపులు. ఆపుతారు, పేరు అడుగుతారు, సంచుల్లోకి తొంగి చూస్తారు. ఒకచోట జవాను స్టవ్వు చూసి "యే క్యా హై?" అన్నాడు. "మా అమ్మ వంటిల్లు భాయీ" అన్నాడు రమణ హిందీలో. జవాను నవ్వి గేటు ఎత్తాడు. పిన్ని మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయింది.

తారు రోడ్డు కొత్తది. అంచున ఇంకా కంకర కుప్పలున్నాయి. నర్సింగ్ చదువుకి బయల్దేరిన రోజు సుశీల కోంట దాకా నడిచే వెళ్ళిందట. తండ్రి కన్నయ్య ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడట. అడవిలో తుపాకుల పోరు వల్ల చాలా ఏళ్ళు ఈ దారిలో మనుషులు ఊరికే తిరిగే పరిస్థితి లేదు. "అప్పుడు ఇంటికి పోవాలన్నా భయమే, రావాలన్నా భయమే. ఇప్పుడు అమ్మకి ఫోన్ కలుస్తోంది, అదే చాలు" అంది సుశీల. తాటిచెట్లు మొదలయ్యాయి. ఆ తాళ్ళు చూస్తే మా గోదావరి జిల్లాలో ఉన్నట్టే ఉంది. మాట కూడా భద్రాచలం వైపు యాసలోకి తిరిగింది.

ముత్తమ్మ ఇల్లు

ఎర్రమట్టి గోడలు, పెంకు కప్పు, చుట్టూ వెదురు దడి. సుశీల తల్లి ముత్తమ్మ దడి బయటే నిలబడి ఉంది. పొట్టి మనిషి, మెడనిండా పూసలు. చిట్టి జీపు ఆగకముందే దూకి ఆమె నడుం చుట్టేసింది. ముత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"అమ్మగారూ, కాళ్ళు కడుక్కోండ్రి."

మా వైపు వియ్యపురాళ్ళు ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటారు. వాళ్ళలోనూ "వదినె" అనే అంటారని సుశీల తర్వాత చెప్పింది. ఆమె మాత్రం "అమ్మగారూ" అంది. పిన్ని ఆ పిలుపుని సరిచెయ్యలేదు. కాళ్ళు కడుక్కుని చీర చేతిలో పెట్టింది. ముత్తమ్మ దాన్ని విప్పి చూడకుండా రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

తర్వాత మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. పందిరి కింద కొత్తగా వేసిన మట్టి పొయ్యి ఉంది. అలికి, ముగ్గు కూడా పెట్టారు. పక్కన కొత్త కుండ, చీల్చిన ఎండు కట్టెలు.

"మా వంట మీకు పడదని బిడ్డ చెప్పింది. ఈ పొయ్యి మీద ఇంతదాక ఎవ్వరం వండలే. బాయి నీళ్ళు మీరే తోడుకోండ్రి, మేము తాకం."

ఆ గొంతులో దెప్పిపొడుపు ఉంటే బాగుండుననిపించింది నాకు. లేదు. చుట్టానికి మంచం వాల్చినంత మామూలుగా చెప్పింది. స్టవ్వు సంచిలోనే ఉండిపోయింది. పిన్ని కొత్త పొయ్యి ముందు కూర్చుని ఊదితే పొగ తప్ప మంట రాలేదు. కట్టెల పొయ్యి మర్చిపోయి ఎన్నేళ్ళో అయింది. ముత్తమ్మ దూరంగా నిలబడి, సాయం చెయ్యడానికి చేతులు ఆరాటపడుతుంటే కొంగులో చుట్టుకుంది. అడుగు మాత్రం ముందుకు వెయ్యలేదు.

వాన కోసం

వాన రాలేదు. మర్నాడూ రాలేదు. కన్నయ్య మామయ్య పందిరి కింద కూర్చుని చిట్టి కోసం చిన్న ఊత అల్లుతున్నాడు. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. చేప ఉన్నచోట నీళ్ళలో బోర్లించి, పైనున్న కంతలోంచి చెయ్యి పెట్టి పట్టుకోవాలి. ఆయన మాట్లాడడం తక్కువ. ఇంటి చూరులో ఒక విల్లు వేలాడుతోంది. దాని గురించి అడిగితే మాత్రం నవ్వాడు.

"వేట బందయింది బిడ్డా. విత్తనాల పండుగకు మాత్రం మొగోళ్ళమంతా విల్లు పట్టుకొని అడవికి పోతం. ఏం కొట్టం. ఉత్తగనే తిరిగొస్తం."

"ఉత్త చేతుల్తో వస్తే ఊరుకుంటమా?" అంది ముత్తమ్మ లోపల్నుంచి. "దారికి అడ్డం నిలబడి పేడనీళ్ళు పోస్తం. పోయినేడు ఈయన మీద నేనే పోసిన."

"కుండెడు పోసింది" అన్నాడు కన్నయ్య, ఏదో బహుమతి అందుకున్నవాడిలా.

సాయంత్రాలు అందరం అడవిలోకి వెళ్ళేవాళ్ళం. అది పని అని ఎవరూ అనుకోరు. మనం పిల్లల్ని బీచికి తీసుకెళ్ళినట్టు వాళ్ళు అడవికి వెళ్తారు. నేరేడు పళ్ళు నేలంతా రాలి ఉన్నాయి. ఇరుగింటి పొరుగింటి ఆడవాళ్ళు కూడా బుట్టలతో వచ్చారు. ఏరుతారు, తింటారు, కబుర్లు చెప్పుకుంటారు, నీలం నాలుకలు ఒకరికొకరు చూపించుకుంటారు. బుట్టలోకి వెళ్ళేవి తక్కువ. మొదటి రోజు పిన్ని మోకాళ్ళ నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది. రెండో రోజు వచ్చింది. ఈతచెట్టు కింద రాలిన పళ్ళు చూసి వంగి ఒకటి తీసి, కొంగుతో తుడిచి నోట్లో వేసుకుంది.

"మా కాలవ గట్టున ఉండేవి ఇవి" అంది, ఎవరితోనో తెలియకుండా.

పక్కనే ఉన్న ముత్తమ్మ, "గట్టుమీదవి తియ్యగుంటయి అమ్మగారూ, నీటి తడి తగుల్తది కద" అంది. పిన్ని తల ఊపింది. అంతే. కానీ తిరుగుదారిలో ఇద్దరూ కొంతదూరం పక్కపక్కనే నడిచారు.

రమణ సెలవు అయిపోవస్తోంది. "రేపు పొద్దున్న బయల్దేరదాం. వాన మన చేతుల్లో ఉందా?" అంది పిన్ని మూడో రోజు మధ్యాహ్నం. సుశీల సంచులు సర్దడం మొదలుపెట్టింది. చిట్టి ఊత ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ముత్తమ్మ దాని తల నిమురుతూ ఆకాశం వైపు చూడడం కూడా మానేసింది.

పొద్దు వాలుతుండగా పడమటి కొండల మీద నలుపు కమ్మింది. ముందు గాలి, తర్వాత మట్టివాసన. ఆ తర్వాత పెంకులు పగిలిపోతాయేమో అన్నట్టు వాన.

ఎర్రనీళ్ళు

తెల్లవారగానే ఊరంతా కేకలు. "ఎదురెక్కుతున్నయ్! ఎదురెక్కుతున్నయ్!"

వాగు పొంగి పొలాల్లోంచి నీళ్ళు మడికి మడి దిగుతున్నాయి. ఆ ప్రవాహానికి ఎదురుగా చేపలు ఎక్కుతున్నాయి. గుడ్లు పెట్టడానికి అవి నిలకడ నీళ్ళు వెతుక్కుంటాయట. గట్టు తెగిన చోట చిన్న పరిగె చేపలు వెండి నాణాల్లా ఎగిరిపడుతున్నాయి. ఒక కొర్రమీను తడిగడ్డి మీద పాములా పాకుతూ పై మడిలోకి దాటడం నా కళ్ళతో చూశాను. ముసలాళ్ళు, బాలింతలు, బడి పిల్లలు, అందరూ నీళ్ళలోనే. గండ్ల దగ్గర మగవాళ్ళు వెదురు మావులు పెట్టారు. చేప లోపలికి వెళ్తుంది కానీ వెనక్కి రాలేదు. ఆడవాళ్ళు ఊతలు బోర్లిస్తూ వరసగా నడుస్తున్నారు. ఎవరి ఊతలోనైనా చేప టపటపా కొట్టుకుంటే చుట్టూ నవ్వులు.

గట్టు మీద చిట్టి నిలబడింది. ఒక చెయ్యి ముత్తమ్మ పట్టుకుంది. రెండో చెయ్యి గాలిలోకి చాచి ఉంది. పిన్ని చీర కుచ్చిళ్ళు చూసుకుంది, నీళ్ళు చూసుకుంది, మనవరాలి చెయ్యి చూసుకుంది. కొంగు బొడ్లో దోపి, కుచ్చిళ్ళు ఎగ్గట్టి దిగింది. మోకాలి దాకా బురద. తూలబోయి, అవతలివైపున్న ముత్తమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. ముగ్గురూ నడిచారు.

చిట్టి ఊత బోర్లించింది. లోపల ఢక్కుమని ఏదో తగిలింది. పిల్ల కెవ్వుమంది. చెయ్యి పెట్టడానికి భయపడింది. ముత్తమ్మ వంగబోయింది. అప్పటికే పిన్ని వంగి ఉంది.

"అలా కాదే. ఒంటి మీద పట్టుకుంటే జారిపోతుంది. తల వెనక, బురదతో కలిపి నొక్కాలి. నీ చెయ్యి నా చెయ్యి మీద పెట్టు."

చిన్న చెయ్యీ పెద్ద చెయ్యీ కలిసి పైకి లేచేసరికి వాటిలో నల్లటి కొర్రమీను తోక కొట్టుకుంటోంది. ఊరంతా ఈలలు వేసింది. రమణ నోరు తెరుచుకుని చూశాడు. అతను పుట్టి బుద్ధెరిగాక తల్లి చేతిలో చేప బజారు సంచిలోనే చూశాడు. నాకు మాత్రం మా అమ్మ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చింది. సత్యవతి చిన్నప్పుడు అన్నలతో బోదెల్లో దిగి చేపలు పట్టేదనీ, పెళ్ళీడు వచ్చిందని తాతయ్య మాన్పించాడనీ.

పిన్ని గట్టెక్కలేదు. ఇంకో ఊత తీసుకుంది. చిట్టిని సుశీలకి అప్పజెప్పి, ముత్తమ్మ పక్కన వరసలోకి వెళ్ళిపోయింది. "అటు, అటు" అని ఒకరు, "నీ కాళ్ళ కాడ" అని ఒకరు. అమ్మగారూ లేదు, ఏమీ లేదు. ఇద్దరి జుట్టు నిండా బురద.

జెల్ల ముల్లు

అంతలో పిన్ని కేక పెట్టింది. ఊతలో చెయ్యి పెడితే జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగిపోయింది. జెల్ల ముల్లుకి విషం ఉంటుంది. ఆవిడ గట్టు మీద కూలబడేసరికి నొప్పి మోచేతి దాకా పాకింది. మొహం పాలిపోయింది.

ముత్తమ్మ నీళ్ళు చిమ్ముకుంటూ పరుగున వచ్చింది. చేతులు చాచింది. చాచి, అడుగు దూరంలో ఆగిపోయింది. ముట్టుకోవచ్చో లేదో తెలియని చేతులవి.

"చూస్తావేం, పట్టుకో!" అని అరిచింది పిన్ని.

ముత్తమ్మ పట్టుకుంది. విరిగిన ముల్లు ముక్క పళ్ళతో లాగేసింది. ఇంటికి నడిపించుకొచ్చి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచింది. సుశీల చూసి, "అమ్మ చేసిందే సరైన వైద్యం, చెయ్యి తియ్యకండి అత్తయ్యా" అని, ఇంజెక్షన్ తేవడానికి ఊళ్ళోవాళ్ళ బైకు మీద రమణతో క్యాంపు ఆసుపత్రికి వెళ్ళింది. నేను కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను.

నొప్పి మరిచిపోవడానికన్నట్టు పిన్ని అడిగింది. "పెళ్ళి అయ్యాక మళ్ళీ మా ఇంటికి ఎందుకు రాలేదు నువ్వు?"

ముత్తమ్మ నీళ్ళు పోస్తూనే చెప్పింది. "పెండ్లి రోజు ఎండుచేపలు తెచ్చిన, ఇప్పపువ్వు తెచ్చిన. ఎవరి చేతిల పెట్టాల్నో తెల్వక అరుగు మీద పెట్టి కూసున్న. పోయేటప్పుడు చూస్తే అక్కణ్ణే ఉన్నయి. మళ్ళ ఎత్తుకొని వచ్చేసిన."

"భోజనం చేశావా ఆ రోజు?"

"లే. ఎవ్వరూ పిలువలే."

పిన్ని నీళ్ళలో మునిగిన తన చేతి వైపు చూసింది. తర్వాత, "నేను చూశాను. నువ్వు అరుగు మీద కూర్చోవడం చూశాను. మావాళ్ళు ఏమనుకుంటారోనని పిలవలేదు" అంది. కళ్ళలో నీళ్ళు నొప్పివో, మరి దేనివో.

ముత్తమ్మ వేలు ముంచి చూసింది. "నీళ్ళు సల్లబడ్డయి. ఇంకిన్ని పోస్త ఆగు" అంది.

మధ్యాహ్నానికి గండ్ల దగ్గర మావులు తీసేశారు. మిగిలిన చేపలు పైకి పోయి గుడ్లు పెట్టుకోవాలి. పట్టినవన్నీ ఒకచోట పోసి, టేకాకుల మీద కుప్పలు వేశారు. నీళ్ళలో దిగిన ప్రతి మనిషికీ ఒక వంతు. ఎన్ని పట్టారని లెక్క లేదు. గట్టు మీద అరవడం తప్ప ఏమీ చెయ్యని నాకూ ఒక ఆకు వచ్చింది. చిట్టి తన ఆకు పక్కన కాపలా కూర్చుంది, పిల్లి వస్తుందని.

ముత్తమ్మ పిన్ని వంతు చేపలు కడిగి, పందిరి కింది కొత్త పొయ్యి దగ్గరికి వెళ్ళబోయింది.

"రెండు పొయ్యిలెందుకు, కట్టెలు దండగ. ఒక్కచోటే కానివ్వు" అంది పిన్ని.

పులుసు వాళ్ళ పద్ధతిలోదే. మసాలా లేదు, నూనె చుక్కే. చింతపండు, ఉప్పు, పసుపు, ఎండుమిరప. మన పులుసులో చేపని వెతుక్కోవాలి. ఇందులో వాన నీటి వాసనతో సహా చేప చేపలాగే ఉంది. ముత్తమ్మ కంచం నింపి నా చేతికిచ్చింది.

"బిడ్డా, నువ్వు తినిపియ్యి. ఆమె చెయ్యి లేవదు. నీ చేత్తో అయితే తింటది."

నేను ముద్ద కలిపాను. పిన్ని నా వేళ్ళ వైపు చూసి మొహం చిట్లించింది.

"దీనికి ముళ్ళు తియ్యడం చేతకాదు. గొంతులో గుచ్చుకుంటే ఇంకో వైద్యం కావాలి. నువ్వే పెట్టు వదినా."

ముత్తమ్మ వెంటనే కంచం అందుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది. మళ్ళీ తుడుచుకుంది. తర్వాత ఎదురుగా కూర్చుని, వెలుతురులో ఒక్కొక్క ముల్లూ ఏరి, ముద్ద చేసి పెట్టింది. సుశీల వాకిట్లో బైకు దిగి, తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాకుండా దడి దగ్గరికి వెళ్ళి కాసేపు వెనక్కి తిరిగి నిలబడింది.

మళ్ళీ కిరండూల్

వాపు తగ్గడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. రమణకీ సుశీలకీ డ్యూటీలు. కాబట్టి ముత్తమ్మ మాతో జీపెక్కింది, ఎర్రంచు చీర కట్టుకుని. క్వార్టర్ గేటు దగ్గర పక్కింటావిడ పలకరించింది.

"వచ్చేశారా సత్యవతిగారూ! చేతికేమైంది? ఈవిడెవరు, పనికి తెచ్చుకున్నారా?"

పిన్ని ఆగింది. కాలనీలో అందరితో ఎన్నో ఏళ్ళ పరిచయం. రేపు ఈ మాట ప్రతి గుమ్మంలోకీ వెళ్తుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"మా వియ్యపురాలు. సుశీల వాళ్ళమ్మ. చేప ముల్లు గుచ్చుకుంటే నన్ను చూసుకోడానికి వచ్చింది" అంది. తర్వాత ఎడమచేత్తో గేటు తీసి, ముత్తమ్మని ముందు నడవమంది.

ఆ రోజుల్లో వంట ముత్తమ్మదే. పిన్ని తినేది, బాగుందనేది, ఉప్పు ఎక్కువైతే అదీ చెప్పేది. నేను ఊరికి బయల్దేరే ముందురోజు పొద్దున్న పిన్ని చెయ్యి ముడిచి తెరిచి చూసుకుని, కొంగు నడుముకి చుట్టి వంటింట్లోకి వచ్చింది.

"ఇవాళ నేను వండుతాను. ఏం తింటావు వదినా?"

ముత్తమ్మ కిటికీ బయటికి చూసింది. ఆమె ఏమీ వద్దంటుందేమోనని సుశీల తల్లి మొహంలోకే చూస్తోంది.

"పెండ్లి రోజు ఏం వండిన్రు?"

పిన్ని కాసేపు పొయ్యి వైపే చూసి, ఒక్కొక్కటే చెప్పింది. "గుత్తివంకాయ. పులిహోర. ముక్కల పులుసు. బూరెలు."

"బూరెలంటే ఏందో నేను చూడలే. అవి చెయ్యి."

శనగపప్పు ఉడికించడం, రుబ్బడం, బెల్లం కలపడం, పూర్ణాలు చుట్టడం. పొద్దంతా పట్టింది. వాపు పూర్తిగా తగ్గని చేత్తోనే చేసింది పిన్ని. నన్ను పూర్ణాలు చుట్టనిచ్చింది గానీ నూనె దగ్గరికి రానివ్వలేదు. గుత్తివంకాయ కూడా చేసింది. పులిహోర కూడా. సాయంత్రం ముత్తమ్మని పీట మీద కూర్చోబెట్టి ఆకు వేసి, ముందు ఆమెకే వడ్డించింది.

ముత్తమ్మ బూరెని చేతిలో తిప్పి చూసింది. కొరికింది. లోపలి తీపి తగలగానే కళ్ళు మూసుకుంది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. తింది, ఇంకొకటి అడిగి వేయించుకుంది. ఆ తర్వాతది మాత్రం తినకుండా, చిన్న ఆకుముక్కలో చుట్టి పక్కన పెట్టుకుంది.

"ముసలాయనకు" అంది కొంచెం సిగ్గుపడుతూ.

పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళింది. బూరెల గిన్నె తెచ్చి, ఆ పొట్లం విప్పి, పెద్ద ఆకు అడుగున వేసి, దాని నిండా పెట్టి మళ్ళీ కట్టింది.